‘అలా’ అంటే ఎలా? బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పాటలో పాతికేళ్లుగా తేలని లెక్క

ముందు పాట ఏమంటుందో ఒకసారి నిదానంగా విందాం. మొదట్లో అబ్బాయి ‘నువ్వే నా నిప్పు, నా ఒక్క కోరిక, నమ్ము, నాకు అలాగే కావాలి’ అంటాడు. బాగుంది, ప్రేమలో ఉన్నాడు, అంతే కదా. కాసేపటికి కోరస్ వస్తుంది, అక్కడికొచ్చేసరికి అదే మనిషి ‘నీకు అలా కావాలని నువ్వు అనడం మాత్రం నేనెప్పుడూ వినకూడదు’ అంటాడు. అంటే అతనికి అలా కావాలి, ఆమెకి మాత్రం అలా కావాలనిపించకూడదు. ఇంతకీ ఆ ‘అలా’ అంటే ఎలా? బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ అనే అయిదుగురు అమెరికన్ కుర్రాళ్ల గుంపు 1999లో పాడిన ‘ఐ వాంట్ ఇట్ దట్ వే’ని ప్రపంచమంతా పాడింది, ఇప్పటికీ పాడుతోంది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పబోయినవాళ్లు కూడా చాలామందే ఉన్నారు కానీ ఒకరి జవాబు ఇంకొకరి జవాబుతో కలవదు.

తెలుగులో కూడా ‘అలా’ మహా గడుసు మాట. ‘అలా కాదులే’, ‘అలా అన్నావా’, ‘ఏంటో అలా ఉంది’ అని రోజంతా వాడేస్తాం, అది దేన్ని చూపిస్తోందో ఎదురుగా ఉన్నవాళ్లకి తెలుసు కాబట్టి గొడవ లేదు. చూపించాల్సింది చూపించకుండా ‘అలా, అలా’ అని ఊరుకుంటే వినేవాడే తనకి తోచింది అక్కడ పెట్టుకుంటాడు. ఈ పాటలో జరిగింది అదే. భాష సరిగ్గా రాకపోవడం వల్ల పడిన చిల్లు అని, అదృష్టం కొద్దీ పాట ఆడేసిందని చాలామంది అనుకుంటారు. చిల్లు పడిన మాట నిజమే. అయితే దాన్ని పూడ్చడానికి ఒక ప్రయత్నం జరిగింది, పూడ్చిన పాటని కూడా వాళ్లే పాడి చూశారు, చూసి పక్కన పెట్టేశారు. ఈ పాట కథలో అసలు పట్టించుకోవాల్సిన ఘట్టం అది.

పాట అమెరికన్ కుర్రాళ్లది, పుట్టింది మాత్రం స్వీడన్‌లో. స్టాక్‌హోమ్‌లో షేరాన్ అనే స్టూడియో ఉండేది. 1992లో డెన్నిజ్ పాప్ అనే నిర్మాత ఇంకొకరితో కలిసి మొదలుపెట్టాడు. బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ తొలి హిట్లు, బ్రిట్నీ స్పియర్స్ మొదటి పాట, ఇలాంటిదే ఇంకో కుర్రాళ్ల గుంపు ఎన్‌సింక్ పాటలు, అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. డెన్నిజ్ పాప్ 1998 ఆగస్టులో 35 ఏళ్లకే కడుపు క్యాన్సర్‌తో పోయాడు. ఆయన శిష్యుడు మాక్స్ మార్టిన్, అంతకుముందు గ్లామ్ మెటల్ బ్యాండ్‌లో జుట్టు విరబోసుకుని పాడిన మనిషి, స్టూడియోకి పెద్దదిక్కయ్యాడు. ఆ ఏడాది నవంబర్‌లో, అంటే గురువు పోయి మూడు నెలలు కూడా నిండకుండా, ఈ పాట రికార్డయింది. రాసింది మాక్స్ మార్టిన్, ఆండ్రియాస్ కార్ల్‌సన్. ప్రొడక్షన్‌లో మాక్స్‌తో క్రిస్టియన్ లుండిన్. ముగ్గురూ స్వీడన్ వాళ్లే, ముగ్గురికీ ఇంగ్లిష్ నేర్చుకున్న భాషే.

వాళ్లు పనిచేసే పద్ధతి తెలుగు సినిమా పాటల సంగతి తెలిసినవాళ్లకి కొత్తగా అనిపించదు. మన దగ్గర సంగీత దర్శకుడు ముందు ట్యూన్ కడతాడు, తత్తకారంతోనో నోటికొచ్చిన డమ్మీ మాటలతోనో పాడి ఇస్తాడు, రచయిత ఆ కొలతకి మాటలు కూర్చుకుంటాడు. ఒక్కోసారి ఆ డమ్మీలో దొర్లిన మాటే ట్యూన్‌కి అతుక్కుపోతుంది, దాని బదులు ఎంత మంచి మాట రాసినా నోటికి పట్టదు, చివరికి అదే ఉంచేస్తారు. షేరాన్‌లోనూ ట్యూనే యజమాని. ఏ అక్షరం ఎక్కడ సాగాలి, ఎక్కడ తెగాలి, ఈ లైన్లో ఎన్ని అక్షరాలుంటే కింద లైన్లో ఎన్ని ఉండాలి, ముందు ఇవి తేలాలి. అర్థం తర్వాత వస్తుంది, వస్తే. తేడా ఒక్కటే. మన దగ్గర ఆ చివరి మెట్టు మీద రచయిత అనే మనిషి ఒకడు కూర్చుని ఉంటాడు, అర్థం సంగతి అతను చూసుకుంటాడు. షేరాన్‌లో ఆ కుర్చీ ఖాళీ.

రికార్డు కంపెనీవాళ్లకి ఆ ఖాళీ కనబడింది. ట్యూన్ అదిరింది కానీ మాటలు అర్థం కావట్లేదన్నారు. దాంతో కోరస్ మార్చి ఇంకో వెర్షన్ రికార్డు చేశారు. తర్వాత ఎప్పుడో అది బయటికి పాకింది, ఇప్పుడు వెతికితే దొరుకుతుంది. అందులో వ్యాకరణానికీ తర్కానికీ ఏ లోటూ లేదు. ‘వీడ్కోళ్లు వద్దు, అబద్ధాలు ఇక వద్దు, నీకు అలా కావాలని నువ్వంటే వినడం నాకిష్టం’ అనే ధోరణిలో సాగుతుంది. ఆమె అలా అనాలి, అతను వినాలి, ఇద్దరూ సుఖంగా ఉండాలి. కథ కంచికి.

విని చూడండి, చప్పగా ఉంటుంది. ట్యూన్ అదే, గొంతులు అవే, మోత అదే. పోయిందల్లా ‘టెల్ మీ వై’. ఎందుకో చెప్పు అనే ఆ ప్రశ్న స్థానంలో ‘నో గుడ్‌బైస్’ అనే ప్రకటన వచ్చి కూర్చుంది. అర్థం కుదరాలంటే అమ్మాయి మీద ఫిర్యాదు ఉండకూడదు, ఫిర్యాదు లేకపోతే ఎందుకు అని అడగాల్సిన అవసరం లేదు, అడగకపోతే ఆ పాటలో గుండె పట్టేసే చోటే లేదు. ఒక చోట లెక్క సరిచేయబోతే మొత్తం ఇల్లే కదిలింది. కుర్రాళ్లు రెండూ విని అర్థం లేనిదే కావాలన్నారు. తమ పాటల మీద తమ మాట చెల్లడం అప్పటికి వాళ్లకి కొత్త, అయినా ఈ ఒక్క విషయంలో వాళ్ల చెవి కంపెనీ బుర్ర కంటే చురుగ్గా పనిచేసింది.

ఆ మూడు మాటల దగ్గర కాసేపు ఆగాలి. ‘టెల్ మీ వై’. ఛందస్సు చదువుకున్నవాళ్లు గురు లఘువులు వేసి చూసుకోవచ్చు, ‘టెల్’ గురువు, ‘మీ’ గురువు, ‘వై’ గురువు. మూడూ గురువులే, మగణం. ఒక్కో అక్షరాన్నీ నొక్కి పలకాలి, తొందరపడటానికి వీల్లేదు. వెంటనే వచ్చే జవాబు ‘ఎయింట్ నథిన్ బట్ ఎ హార్టేక్’ గబగబా చిన్న చిన్న అక్షరాలతో పరిగెత్తి చివర్లో మళ్లీ సాగుతుంది. బరువుగా ఒక అడుగు, తేలిగ్గా పరుగు, మళ్లీ బరువుగా ఒక అడుగు. భజనలో ఒకరు అందిస్తే మిగతావాళ్లు అందుకున్నట్టు అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ పంచుకోవడానికి ఇంతకంటే మంచి కట్టుబడి దొరకదు. స్టేడియంలో వేలమందికి ఎవరూ నేర్పకుండానే ఎప్పుడు అరవాలో తెలిసిపోతుంది.

ఇంకొంచెం దగ్గరికి వెళ్తే, ‘హార్టేక్’ తర్వాత ‘మిస్టేక్’ వస్తుంది. రెంటికీ తోక ‘టేక్’. ఈ జంట అర్థం కోసం కుదిరిందా ధ్వని కోసం కుదిరిందా అంటే ధ్వని కోసమే అనడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఎందుకో చెప్పు అంటే గుండెకోత తప్ప ఏం లేదు, ఎందుకో చెప్పు అంటే పొరపాటు తప్ప ఏం లేదు. ఏది గుండెకోత? ఎవరి పొరపాటు? పాట చెప్పదు. మొదట ‘వై’ అని అడుగుతుంది, మధ్యలో ‘సే’ అంటుంది, ‘వే’ దగ్గర ఆగుతుంది. ఆ మూడు శబ్దాలూ దాదాపు తోబుట్టువులే. ప్రతిసారీ నోరు తెరుచుకునే ఉంటుంది, పెదవులు మూసుకునే హల్లుతో ఒక్క లైనూ ఆగదు. ఇంగ్లిష్ సరిగా రానివాడు కూడా గొంతెత్తి పాడగలగడానికి ఇది పెద్ద కారణం. అసలు ఇంగ్లిష్ సరిగా రానివాళ్లే రాశారు కదా.

గొంతుల పంపకం కూడా చూడాలి. మొదటి లైన్లు బ్రయన్ లిట్రెల్‌వి, మెత్తగా, చర్చి గానంలో పెరిగిన గొంతు. రెండు లోకాల దూరం గురించిన లైన్లు నిక్ కార్టర్‌వి, గుంపులో అందరికంటే చిన్నవాడు. రెండో చరణం ఏజే మక్లీన్ గరగర గొంతు. వంతెన లాంటి మధ్య భాగాన్ని కెవిన్ రిచర్డ్‌సన్ అందుకుంటాడు. పాట ఒక్కడి బాధ అయితే ఇంతమంది ఎందుకు అని అడగకూడదు, బాయ్‌బ్యాండ్ అంటేనే అది. ఒకే ప్రేమలేఖని అయిదుగురు చదువుతారు, వినే అమ్మాయి తనకి నచ్చిన గొంతుని ఎంచుకుంటుంది. మొదటి చరణంలో ‘నువ్వు నా నిప్పు’ అని చెప్పిన మాటే రెండో చరణంలో ‘నేను నీ నిప్పునేనా’ అని ప్రశ్నగా తిరగబడుతుంది. ఈ ఒక్క మలుపు మాత్రం కావాలని చేసిన పనిలాగే ఉంది, చాలా చక్కటి మలుపు, దీన్ని ఎవరూ పెద్దగా మెచ్చుకోకపోవడం అన్యాయం. చివర్లో శృతి ఒక్కసారిగా పైకి లేస్తుంది, నిక్ గట్టిగా అందుకుంటాడు, అప్పటిదాకా సణుగుడులా ఉన్న ఫిర్యాదు కేకవుతుంది. అంతా కలిపి 3 నిమిషాల 33 సెకన్లు.

1999 ఏప్రిల్‌లో పాట రేడియోకి వెళ్లింది. బ్రిటన్‌లో మే నెలలో నంబర్ వన్ అయింది, అక్కడ వాళ్లకి దక్కిన ఏకైక నంబర్ వన్ సింగిల్ ఇదే. మొత్తం పాతిక దేశాలకి పైగా మొదటి స్థానం. అమెరికాలో మాత్రం బిల్‌బోర్డ్ హాట్ 100లో 6వ స్థానం దగ్గరే ఆగిపోయింది. వాళ్ల పాటల్లో అందరికీ తెలిసిన పాట అక్కడ వాళ్ల అతి పెద్ద హిట్ కూడా కాదు, ఆ చార్టులో అంతకుముందే వేరే పాట 2వ స్థానం దాకా వెళ్లింది. దీని వెనక వ్యాపారం ఉంది. అమెరికాలో ఈ పాటని విడి సింగిల్‌గా షాపుల్లో అమ్మలేదు. పాట కావాలంటే ఆల్బమ్ కొనుక్కోవాల్సిందే. 1998 డిసెంబర్ దాకా అయితే షాపులో సింగిల్ లేని పాటకి ఆ చార్టులో చోటే లేదు, ఆ లెక్కన రేడియోలో మోగిపోయిన పాటలు కూడా జాబితాకి ఎక్కేవి కావు. రూల్ మారింది కాబట్టి ఈ పాట కేవలం రేడియో బలం మీద 6 దాకా వచ్చింది. అమ్మకాలు కూడా కలిసి ఉంటే ఎక్కడిదాకా వెళ్లేదో ఊహించుకోవడమే.

సింగిల్ అమ్మకుండా దాచుకున్న డబ్బు ఆల్బమ్ దగ్గర వసూలైంది. మే 18న ‘మిలీనియం’ వచ్చింది. మొదటి వారంలోనే అమెరికాలో 11 లక్షల 30 వేలకు పైగా అమ్ముడుపోయి, కిందటేడు కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ పేరు మీద ఉన్న రికార్డుని దాటింది. ఆ ఏడాది అమెరికాలో అన్నింటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ కూడా అదే, 94 లక్షల పైమాట. స్కూలు నుంచి వచ్చిన పిల్లలు ఎంటీవీలో టీఆర్ఎల్ అనే పాటల కౌంట్‌డౌన్ షో ముందు కూర్చుని తమ పాటకి ఓట్లు వేసే రోజులవి. ఆ మొదటి వారం రికార్డు పది నెలలే నిలిచింది, 2000 మార్చిలో ఎన్‌సింక్ వచ్చి రెట్టింపుకి పైగా, 24 లక్షలు అమ్మింది. ఇంటిపోరు లాంటిది, రెండు గుంపులూ ఒకే ఊళ్లో, ఫ్లోరిడాలోని ఒర్లాండోలో, ఒకే నిర్వాహకుడు లూ పర్ల్‌మన్ చేతుల మీదుగా వచ్చినవే. తమ సంపాదనలో ఆరో సభ్యుడిలా వాటా తీసుకుంటున్నాడని తెలిసి బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ ఆయన మీద 1998లో దావా వేశారు. ఆ మనిషి తర్వాత వేరే పెద్ద పెట్టుబడుల మోసంలో 25 ఏళ్ల శిక్ష పడి 2016లో జైల్లోనే పోయాడు.

విమర్శకుల వైపు చూస్తే, ఆ రోజుల్లో బాయ్‌బ్యాండ్ అంటే ఫ్యాక్టరీ సరుకు అనే మాట తప్ప ఇంకోటి వినబడేది కాదు. వాయిద్యాలు వాయించరు, పాటలు రాసుకోరు, అందమైన మొహాలు, లెక్కగా వేసే స్టెప్పులు, ముందు వరసలో ఏడ్చే ఆడపిల్లలు. ఇందులో చివరిదే అసలు అభ్యంతరం అని ఇప్పుడు వెనక్కి చూస్తే అర్థమవుతుంది. టీనేజీ అమ్మాయిలకి నచ్చింది కాబట్టి అందులో ఏమీ ఉండదని ముందే తేల్చేసుకున్నారు. అయినా పాట బలం అప్పుడే కొందరి చేత ఒప్పించింది. గ్రామీల్లో రికార్డ్ ఆఫ్ ద ఇయర్, సాంగ్ ఆఫ్ ద ఇయర్, గ్రూపు గానం, ఈ మూడింటికీ నామినేషన్లు వచ్చాయి. 2000 ఫిబ్రవరిలో ఫలితాలు చెప్పేసరికి మూడూ సాంటానా ఆల్బమ్‌లోని పాటలకే వెళ్లిపోయాయి. యాభై దాటిన గిటార్ మాంత్రికుడి ముందు ఈ కుర్రాళ్లు గెలుస్తారని ఎవరూ అనుకోలేదు కూడా. అదే ఏడాది రోలింగ్ స్టోన్, ఎంటీవీ కలిసి వేసిన గొప్ప పాప్ పాటల జాబితాలో మాత్రం ఇది చోటు దక్కించుకుంది. 2021లో అదే పత్రిక అన్ని కాలాల 500 గొప్ప పాటలు అని కొత్తగా వేసిన జాబితాలోనూ ఉంది. ఇరవై ఏళ్లలో పాట మారలేదు. అప్పటి ఆడపిల్లలు పెరిగి పెద్దవాళ్లయి పత్రికల్లో రాసే చోటికి వచ్చారు, అంతే.

ఇక వీడియో. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం, దర్శకుడు వేన్ ఐషమ్, తెల్లటి బట్టలు, వెనకాల విమానం, టెర్మినల్లో పూలతో ప్లకార్డులతో ఎదురుచూసే అభిమానులు. కథ ఏమీ లేదు. పాటలో విడిపోయే బాధ ఉంది, తెర మీద ఘనస్వాగతం ఉంది, రెంటికీ పొంతన లేదు, ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా అదే కాలంలో వై2కె, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న సమస్య, ఆ పనుల మీద సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు బేగంపేట నుంచి అమెరికా బయల్దేరుతుంటే ఇంటిల్లిపాదీ సుమో మాట్లాడుకుని విమానాశ్రయానికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చేవాళ్లు. ఎయిర్‌పోర్ట్ అంటే వీడ్కోలు అని తెలిసిన ఇళ్లలో కేబుల్ టీవీలో ఆ పాట వచ్చినప్పుడు రెండు లోకాల దూరం అనే మాట వేరేగా తగలడానికి అవకాశం ఉంది. మాటలు ఖాళీగా ఉంటే జరిగేది ఇదే, ఎవరి సామాను వాళ్లు సర్దుకుంటారు.

తెల్లబట్టలకి వెక్కిరింపు వెంటనే వచ్చింది. పంక్ రాక్ కుర్రాళ్లు బ్లింక్-182 తమ పాట వీడియోలో విమానం పక్కన ఇదే వేషాలు వేసి, ఇవే భంగిమలు పెట్టి ఆడేసుకున్నారు. తమాషా ఏంటంటే ఆ వెక్కిరింపుకి 2000లో ఎంటీవీ బెస్ట్ గ్రూప్ వీడియో అవార్డు వచ్చింది. 2003లో పేరడీల మాస్టర్ వియర్డ్ అల్ యాంకోవిక్ ఇదే ట్యూన్‌కి ‘ఈబే’ అని పాట కట్టాడు, ఆన్‌లైన్ వేలంలో కొన్న పనికిరాని వస్తువుల చిట్టా అది. ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. మాటలన్నీ తీసేసి పాత సామాన్ల పేర్లు పెట్టినా పాట కూలలేదు, పైగా అర్థం ఇంకొంచెం పెరిగింది. అసలు పాటలో లేని తర్కం పేరడీలో ఉంది!

2005లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఫైన్ ఆర్ట్స్ చదివే ఇద్దరు విద్యార్థులు హాస్టల్ గదిలో బాస్కెట్‌బాల్ జెర్సీలు వేసుకుని, వెబ్‌క్యామ్ ముందు కూర్చుని, ఈ పాటకి పెదవులు కదిపారు. గొంతు వాళ్లది కాదు, భాష వాళ్లది కాదు. వెనకాల ఇంకొకతను వీళ్లని పట్టించుకోకుండా తన కంప్యూటర్‌లో తను మునిగి ఉంటాడు. వీళ్లేమో కనుబొమ్మలు ఎగరేస్తూ, గుండె పట్టుకుంటూ, ప్రపంచంలోని విరహమంతా తమదే అన్నట్టు నటిస్తారు. యూట్యూబ్ అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది, వైరల్ అనే మాట జనం నోట్లో ఇంకా నలగలేదు. బ్యాక్ డార్మ్ బాయ్స్ అని పేరొచ్చింది, ప్రకటనల్లో అవకాశాలు వచ్చాయి. ఆ వీడియోలో వెక్కిరింపు ఎంతో ప్రేమ కూడా అంతే ఉంది. ఈ పాటని జనం ఎలా తీసుకున్నారో తెలియాలంటే విమర్శకుల సమీక్షలన్నీ చదవడం కంటే ఆ వీడియో చూడటం మేలు. నవ్వుతూ మొదలెడతారు, చివర్లో శృతి లేచేసరికి నిజంగానే పాడేస్తారు.

అర్థం గొడవ మాత్రం ఆగలేదు. 2011లో కెవిన్ రిచర్డ్‌సనే ఒక పత్రికతో మాట్లాడుతూ అసలు ఈ పాటకి పెద్దగా అర్థం లేదని, రాసినప్పటికి మాక్స్ మార్టిన్‌కి ఇంగ్లిష్ పూర్తిగా పట్టుబడలేదని ఒప్పేసుకున్నాడు. ఆ ఇంగ్లిష్ పట్టుబడని మనిషే తర్వాత అమెరికా చార్టుల్లో పాతికకి పైగా నంబర్ వన్ పాటలు రాశాడు, అది వేరే సంగతి. 2018లో మోడల్ క్రిసీ టీగెన్ ట్విటర్‌లో మళ్లీ తవ్వింది, ఇంతకీ అలా కావాలంటున్నది ఎవరు, వద్దంటున్నది ఎవరు, అసలు ఆ ‘అది’ ఏంటి అని. ఈసారి గుంపే జవాబిచ్చింది. గుండెకోతలూ పొరపాట్లూ రెండు లోకాల దూరం, వీటిని నువ్వు కోరుకుంటున్నావని వినడం మాకిష్టం లేదు, నువ్వు అలా కోరుకోకూడదనే మేం కోరుకుంటున్నాం అని వివరణ. అర్థమైందా? చదివినకొద్దీ ఇంకా ముడిపడుతుంది. బహుశా వాళ్లూ నవ్వుకుంటూనే రాసి ఉంటారు.

నిజానికి ఆ వివరణ కొంతవరకు నిలబడుతుంది. చరణంలో ‘అలా’ ప్రేమని చూపిస్తోంది, కోరస్‌లో ‘అలా’ ఎడబాటుని చూపిస్తోంది అనుకుంటే లెక్క తేలిపోతుంది. వేలు ఒకటే, చూపించే దిక్కు మారింది. కానీ పాట ఎక్కడా ఆ మారడాన్ని చెప్పదు, వినేవాడు కష్టపడి కలుపుకోవాలి. కష్టపడే ఓపిక పాట వినేటప్పుడు ఎవరికుంటుంది? ‘వై’ దగ్గరికి వచ్చేసరికి అందరూ పాడుతుంటారు.

అదే 2018లో అమెరికన్ కామెడీ సీరియల్ ‘బ్రూక్లిన్ నైన్-నైన్’లో ఒక సీన్ వచ్చింది. హంతకుణ్ణి చూడలేదు, బార్ బాత్రూమ్‌లో దాక్కుని వాడు ఈ పాట పాడటం మాత్రం విన్నానంటుంది సాక్షి. డిటెక్టివ్ అయిదుగురు అనుమానితుల్ని వరసగా నిలబెట్టి ఒక్కో లైను పాడమంటాడు. మొదట ఒకడు మొహమాటంగా పాడతాడు, తర్వాతివాడు అందుకుంటాడు, కాసేపటికి డిటెక్టివ్‌తో సహా అందరూ అది స్టేషన్ అని మర్చిపోయి పాడేస్తుంటారు. ఇంతలో సాక్షి, అయిదో నంబరే తన తమ్ముణ్ణి చంపినవాడు అంటుంది. హత్య సంగతి డిటెక్టివ్ ఎప్పుడో మర్చిపోయాడు. నిమిషం పైచిలుకు సీన్, ఇంటర్నెట్ అంతా తిరిగింది, పాట పుట్టేనాటికి ఉయ్యాలలో కూడా లేని పిల్లలకి పాటని పరిచయం చేసింది. ఆ సీన్ పండటానికి కారణం ఒక్కటే, ఏ అయిదుగురిని పట్టుకొచ్చి నిలబెట్టినా తర్వాతి లైను వాళ్లకి వచ్చి ఉంటుందని చూసేవాళ్లు నమ్ముతారు.

2020 మార్చి చివర్లో కోవిడ్‌తో ప్రపంచం తలుపులేసుకున్నప్పుడు అమెరికాలో ఇళ్లలోంచే పాడే కచేరీ ఒకటి టీవీలో వచ్చింది. అయిదుగురూ తలో ఊళ్లో, ఎవరింట్లో వాళ్లు, పక్కన పిల్లలతో, ఈ పాట పాడారు. పాటలో వచ్చే ‘ఎంత దూరమైనా సరే’ అనే మాట మొదటిసారి అక్షరాలా నిజమైంది. 21 ఏళ్లు ఖాళీగా ఉన్న గదిలోకి చివరికి ఒక అర్థం వచ్చి దిగింది, అది కూడా పాట రాసినవాళ్లు కలలో అనుకోనిది. 2022లో టొరంటోలో వాళ్ల కచేరీలో ర్యాపర్ డ్రేక్ స్టేజీ ఎక్కి, పదమూడేళ్లప్పుడు ఇష్టపడిన అమ్మాయి ఒక వేడుకలో ఈ పాటకి తనని డాన్స్‌కి పిలిచిందని చెప్పుకుని వాళ్లతో కలిసి పాడాడు. 2023 మేలో ముంబైకీ ఢిల్లీ దగ్గర గురుగ్రామ్‌కీ వచ్చారు. తొంభైల్లో స్కూలు యూనిఫామ్‌లో ఉన్న తరం ఇప్పుడు క్రెడిట్ కార్డుతో టికెట్ కొనే వయసులో ఉంది కదా, నిర్వాహకులకి అంతకన్నా ఏం కావాలి.

ఒక్క విషయం మాత్రం సంబరాల కింద కనబడకుండా ఉంటుంది. పాటని ఎత్తుకునే బ్రయన్ లిట్రెల్‌కి చాలా ఏళ్లుగా గొంతు కండరాలు బిగుసుకుపోయే సమస్య ఉంది, తనే బహిరంగంగా చెప్పాడు. 1998లో, ఈ పాట పాడటానికి కొన్ని నెలల ముందే, గుండెకి ఆపరేషన్ చేయించుకున్న మనిషి. అప్పుడు రికార్డులో అంత తేలిగ్గా జారిన మొదటి లైన్లు ఇప్పుడు ఒక్కో రాత్రి ఒక్కోలా వస్తాయి. కచేరీ రికార్డింగుల్లో గమనిస్తే గొంతు ఎక్కడ తడబడినా జనం అందుకుంటారు, అతను మైకు వాళ్ల వైపు తిప్పుతాడు. వచ్చినవాళ్లలో ఎవరికీ అది లోటుగా అనిపించదు, తమ వంతు వచ్చిందనే అనుకుంటారు.

2025 జులైలో లాస్ వెగాస్‌లోని స్ఫియర్‌లో, లోపలంతా తెరే అయిన ఆ గుండ్రటి హాల్లో, ‘మిలీనియం’ పాటలతో కచేరీలు మొదలుపెట్టారు. అభిమానులు ఎక్కడెక్కడి నుంచో తెల్లబట్టలు వేసుకుని వచ్చారు. ఒకప్పుడు బ్లింక్-182 నవ్విన బట్టలే అవి. సెక్యూరిటీ వరసల్లో తెల్లచొక్కా వేసుకున్న నలభై ఏళ్ల మగవాళ్లు కూడా కనబడ్డారు, 1999లో అయితే ఈ పాట ఇష్టమని క్లాసులో ఒప్పుకునేవాళ్లు కారు. లోపల ‘టెల్ మీ’ దాకా స్టేజీ మీదవాళ్లు పాడితే ‘వై’ని హాలు పాడుతుంది.